పానీ కిధర్ జారా?

మా ఇంటి ముందు ఒక పాత కారు ఉంది. రెండే సీట్లు, పైన మడిచే టాపు. మజ్దా ఎమ్‌ఎక్స్-5, 2001 మోడల్, ముదురాకుపచ్చ రంగు. మాంచెస్టర్ వాన సంగతి తెలిసినవాళ్ళు, ఇలాంటి కారు కొన్నానంటే ముందు నవ్వుతారు, తర్వాత జాలిపడతారు. మా ఆయన రెండూ చేశాడు. "ఈ ఊళ్ళో టాపు తీసి తిరగడానికి ఏడాదికి పది రోజులు దొరికితే అల్లాకి షుక్ర్ చెప్పుకో" అన్నాడు.

టాపు తీసి తిరగాలనే షౌక్ నాకు అంతగా లేదు. నాకు ఆ టాపే ఇష్టం. ఎందుకంటే మా అబ్బా టాపులు కుట్టేవాడు.

బెజవాడ ఆటోనగర్లో ఒక రేకుల షెడ్డు. అందులో సగం మా అబ్బాది, మిగతా సగం ఒక పెయింటరుది. జీపులకి కాన్వాసు టాపులు, సీట్లకి రెగ్జిన్ కవర్లు. మహీంద్రా జీపులు ఊళ్ళ మధ్య సర్వీసు తిరిగిన రోజులవి. లోపల పదిమంది, వెనక వేలాడుతూ నలుగురు. ఆ లాగుడుకి టాపు కుట్లు ఎన్నాళ్ళు ఆగుతాయి? వానలు మొదలవకముందే డ్రైవర్లంతా అబ్బా దగ్గరికి వరస కట్టేవాళ్ళు. బడి సెలవుల్లో అబ్బాకి టిఫిన్ క్యారియర్ తీసుకెళ్ళే పని నాది.

కొత్త టాపు బిగించాక ఒక ఇంతెహాన్ ఉండేది. మా భయ్యాని జీపు లోపల కూర్చోబెట్టి, పక్క తెరలన్నీ దించేవాళ్ళు. షాగిర్ద్ కుర్రాడు బల్ల మీద నిలబడి బకెట్లతో నీళ్ళు పోసేవాడు. అబ్బా బయటనుంచి అరిచేవాడు, "ఎక్కడ రా?" భయ్యా లోపల్నుంచి, "డ్రైవర్ వైపు, పై మూల!" అబ్బా అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టుకునేవాడు. చీకటి జీపులో కూర్చుని పైన దబదబా పడే నీళ్ళని వినడం నాకు లోకంలో అన్నిటికన్నా గొప్ప తమాషాగా కనిపించేది. ఒకసారి అడిగాను, నేను కూర్చుంటానని. నాకు తొమ్మిదేళ్ళు. అబ్బా కోప్పడలేదు. "దుకాణంలో ఆడపిల్లకేం పని బేటా? ఇంటికెళ్ళు, అమ్మీ ఎదురుచూస్తుంటుంది" అన్నాడు. ఖాళీ క్యారియర్ పట్టుకుని వచ్చేశాను.

భయ్యా హునర్ నేర్చుకున్నాడు. నన్ను చదివించారు. తర్వాత జీపులు పోయి ఆటోలు వచ్చాయి, టాపుల పని తగ్గిపోయింది. భయ్యా మొబైల్ షాపు పెట్టుకున్నాడు. సుగర్ వల్ల అబ్బా కంటిచూపు మసకబారింది. లేజర్ చేయించినా ఎదురుగా ఉన్న మనిషి మొహం పోల్చుకోలేడు, మాటని బట్టి గుర్తుపడతాడు. షెడ్డు ఖాళీ చేసి, తన కుట్టుమిషను మాత్రం సింగ్‌నగర్ ఇంటికి తెచ్చుకుని కింద గదిలో పెట్టుకున్నాడు. మందపాటి కాన్వాసు నాలుగు మడతలు పెట్టినా కుట్టే పెద్ద మిషను అది. వాడకపోయినా రోజూ గుడ్డతో తుడిచేవాడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చి సింగ్‌నగర్‌ని ముంచింది. మీలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మావాళ్ళు మేడమీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్ళు తీశాక కింద గదిలో మోకాటి లోతు బురద. మిషను బురదలో పక్కకి పడి ఉంది. భయ్యా దాన్ని లేపి గోడవారగా పెట్టాడు. చక్రం తిరగలేదు. పాత ఇనుము కొనేవాడు అడిగితే అబ్బా ఇవ్వనన్నాడు. పోనీ బాగుచేయిద్దామంటే అదీ వద్దన్నాడు.

అప్పట్నుంచి ఆయన ఖామోష్ అయిపోయాడు. నేను ఫోన్ చేస్తే మూడే మాటలు. "బాగున్నా. మీరంతా ఖైరియత్ కదా. అమ్మీకిస్తా."

ఇక్కడ అక్టోబరు వచ్చేసరికి నా కారులో వాసన మొదలైంది. తడి గోనెసంచిని మూట కట్టి వారం వదిలేస్తే ఎలా ఉంటుందో అలా. పొద్దున అద్దాలన్నీ లోపలివైపు ఆవిరి పట్టి ఉండేవి. సీటు వెనక కార్పెట్ నొక్కితే వేళ్ళ మధ్యనుంచి నీళ్ళు. గ్యారేజీలో చూపిస్తే, టాపు పాతబడింది, మొత్తం మార్చాలన్నారు. వాళ్ళు చెప్పిన లెక్క వింటే, కారు కొన్నదానిలో సగం పైనే. నేను జిద్దు మనిషిని. హార్డ్‌వేర్ షాపుకెళ్ళి సిలికాన్ ట్యూబు కొన్నాను. టాపు అంచు బాడీకి తగిలేచోట చుట్టూ దట్టంగా పూసేశాను. రెండు వానలు పడ్డాయి. కార్పెట్ ఇంకా ఎక్కువ తడిసింది.

ఆ ఆదివారం అమ్మీతో ఈ ఏడుపే ఏడుస్తున్నాను. వెనకనుంచి అబ్బా గొంతు వినిపించింది. "ఏం కారు?"

ఫోను ఆయన చేతికి వెళ్ళింది. "టాపు కాన్వాసా, రెగ్జినా?"

"వినైల్ అబ్బా, రెగ్జిన్ లాంటిదే."

"చినుకు పైనుంచి పడుతోందా, కిందనుంచి ఊరుతోందా?"

నేనెప్పుడూ ఆ తేడా చూడలేదు. సీటు వెనక తడిగా ఉంటోందని చెప్పి, సిలికాన్ పూసిన సంగతి కూడా ఒప్పుకున్నాను. కాసేపు మాట లేదు. తర్వాత అన్నాడు, "పానీ కిధర్ సే ఆరా సో బాద్ మే దేఖ్ బేటా. కిధర్ జారా సో పహెలే దేఖ్." నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో తర్వాత చూడు, ఎక్కడికి పోతున్నాయో ముందు చూడు.

ఆయన చెప్పింది ఇదీ. మడిచే టాపు అన్నాక ఎంతోకొంత నీరు లోపలికి రాకుండా ఉండదు. ఆ సంగతి కారు చేసినవాడికీ తెలుసు. అందుకే ఆ నీటిని పట్టుకోవడానికి ఒక కాలవ, బయటికి పంపడానికి ఒక తూము పెట్టి ఉంటాడు. తూము మూసుకుపోతే కాలవ నిండుతుంది, నిండితే ఇంట్లోకి వస్తుంది. నువ్వు పూసిన బంక వల్ల లోపలి నీళ్ళు లోపలే ఉండిపోయాయి.

మర్నాడు సెలవు పెట్టాను. ఇక్కడ పొద్దున పదింటికి అక్కడ మూడున్నర. ఫోను స్పీకర్లో పెట్టుకున్నాను. వీడియో పెట్టి లాభం లేదు, ఆయనకి కనిపించదు. నేను చూసింది మాటల్లో చెప్పాలి.

టాపుని ముందు కొక్కేలు విప్పి సగం వెనక్కి మడిచాను. సీట్ల వెనకగా, టాపు బాడీకి బిగించినచోట ఒక పొడుగాటి ప్లాస్టిక్ కాలవ ఉంది. అది అటూ ఇటూ చివరలకి వెళ్ళి, సీటు బెల్టు స్తంభాల వెనక, కంటికి కనపడని మూలల్లో కిందికి దిగిపోతోంది. "చెయ్యి పెట్టు. ఏం తగిలింది?" అన్నాడు అబ్బా.

"మెత్తగా ఉంది. వాడేసిన టీపొడిలాగా."

"అదే. తియ్."

రెండు గుప్పెళ్ళు తీశాను. కుళ్ళిన ఆకులు, నాచు, సన్నటి మట్టి. ఇరవై ఏళ్ళ చెట్లన్నీ అందులోనే ఉన్నట్టున్నాయి. కింద రంధ్రం గట్టిగా బిగుసుకుపోయి ఉంది. ఇనప తీగ పెట్టనా అని అడిగితే కేకేశాడు, "నక్కో! లోపల గొట్టం ఉంటే చిరుగుతుంది. అప్పుడు నీళ్ళు తూములోకి పోయి కూడా ఇంట్లోకే వస్తాయి. మెత్తగా వంగేది పెట్టు." కర్టెన్లు వేలాడదీసే ప్లాస్టిక్ తొడుగు తీగ దొరికింది. కొసకి గుడ్డపీలిక చుట్టి, మెల్లగా తిప్పుతూ దించాను.

"ఇప్పుడు నీళ్ళు పొయ్యి. బకెట్టు వద్దు. సన్నటి ధార కావాలి."

సన్నటి ధారకి మన ఇళ్ళల్లో ఏముంటుంది? బాత్రూంలోంచి బధ్నా తెచ్చాను. మా ఆయన కిటికీలోంచి చూసి, "దాన్ని కూడా వదల్లేదా!" అన్నాడు. కాలవలో పోశాను. లోపలెక్కడో గుటగుటమంది. అబ్బా ఫోనుని కారు కింద, వెనక చక్రం ముందు పెట్టమన్నాడు. పెట్టాను. మళ్ళీ పోశాను. చుక్కలు చుక్కలుగా నేలమీద పడ్డాయి.

"చప్పుడు సన్నగా ఉంది. సగమే తెరుచుకుంది. మళ్ళీ తీగ పెట్టు."

నాలుగోసారికి నీళ్ళు ధారకట్టి రోడ్డుమీద పడ్డాయి. నేను ఏమీ చెప్పకముందే అక్కడినుంచి, "హా. ఖుల్ గయా" అన్నాడు. ఐదు వేల మైళ్ళ అవతల, కళ్ళు కనపడని మనిషి, తూము తెరుచుకున్న సంగతి నాకంటే ముందు విన్నాడు. రెండో వైపు కూడా అలాగే తీశాం. నేను పూసిన సిలికాన్ గీకడానికి మాత్రం నాకు రెండు సాయంత్రాలు పట్టింది. దాన్ని గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు, అది ఆయన మెహర్బానీ.

ఈ తూముల విషయం వాసన దగ్గర ఆగదు. ఈ కార్లలో పొంగిన నీళ్ళు కార్పెట్‌లోకే కాదు, తలుపు కింద ఉండే పెట్టె లాంటి ఇనుములోకి, ఇక్కడ సిల్ అంటారు, అందులోకి కూడా దిగుతాయి. పైకి పెయింటు నిగనిగలాడుతుంటుంది, లోపల్నుంచి తుప్పు తింటుంది. ఏడాదికోసారి జరిగే ఎమ్‌ఓటీ పరీక్షలో ఆ తుప్పు బయటపడితే కారు ఫెయిల్. నా కారుకి ఎడమవైపు సిల్ చివర అప్పటికే పెయింటు కింద బుడిపెలు లేచాయి. ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. ఇంకో రెండు చలికాలాలు సిలికాన్ పూసుకుంటూ కూర్చునుంటే కారే దక్కేది కాదు.

సీటు వెనక ఆరింది. కానీ డ్రైవర్ కాళ్ళ దగ్గర తడి పోలేదు. ఇప్పుడు అబ్బాయే ఫోన్ చేస్తున్నాడు. అమ్మీ నంబరు కలిపి ఇవ్వాలి, సరిగ్గా మూడున్నరకి. "ఆజ్ క్యా హాల్ హై?" అంటాడు. కారు హాలు అడుగుతున్నాడా, నా హాలు అడుగుతున్నాడా తెలియదు. నేను కారు సంగతి చెప్పేదాన్ని.

తలుపు రబ్బరు పరీక్షకి ఆయన రెండు ఉపాయాలు చెప్పాడు. మొదటిది కాగితం. తలుపు మధ్యలో కాగితం పెట్టి మూసి లాగాలి. బిగువుగా వస్తే రబ్బరు పట్టుకుంటోంది, జారి వచ్చేస్తే పట్టుకోవట్లేదు. రెండోది సుద్దపొడి. రబ్బరుకి పూసి, తలుపు మూసి తీస్తే, రబ్బరు ఆనినచోటల్లా అవతల తెల్లగీత పడుతుంది. ఈ కారు అద్దానికి చుట్టూ ఫ్రేము లేదు, అద్దం నేరుగా రబ్బరుకే ఆనుతుంది. అద్దం అంచున గీత చక్కగా వచ్చింది, సైడు మిర్రర్ పైనున్న మూలలో రెండు వేళ్ళ మేర తప్ప. రబ్బరు అక్కడ ఎండి అణిగిపోయింది.

వాజిలీన్ రాస్తానన్నాను. "పెట్రోలు జాతి నూనెలు రబ్బరుకి పడవు. ఆ పూటకి మెరుస్తుంది, తర్వాత ఉబ్బి మెత్తబడుతుంది" అన్నాడు. సబ్బునీళ్ళతో మురికి కడిగి, ఆరాక, రబ్బరు కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు పల్చగా రాశాను. పూసే సిలికాన్ బంక వేరు, ఈ గ్రీజు వేరు, కొనేటప్పుడు చూసుకోండి. టాపు ముందు కొక్కేలని కూడా కాస్త బిగించాను. మూలలో గీత కలిసింది.

అయినా కాళ్ళ దగ్గర తడి!

"తలుపు లోపల చూశావా?" అన్నాడు అబ్బా. నేను తెల్లమొహం వేశాను. మీకూ తెలియకపోతే చెబుతాను, ఇది టాపు లేని మామూలు కార్లకి కూడా పనికొచ్చే మాట. కారు తలుపులోకి నీళ్ళు ఎప్పుడూ వెళుతూనే ఉంటాయి. అద్దం కిందికి దిగే సందులోంచి జారి, తలుపు లోపల పడి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్ళు మనవైపు రాకుండా లోపలి అట్ట వెనక ఒక ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. అడుగు రంధ్రాలు మూసుకున్నా, పొర చిరిగినా, నీళ్ళు మన కాళ్ళ దగ్గరికి వస్తాయి.

అట్ట విప్పాను. రంధ్రాలు బాగానే ఉన్నాయి. పొర మాత్రం పెద్ద ముక్క చిరిగి వేలాడుతోంది. ఎవడో ఎప్పుడో పెద్ద స్పీకరు బిగించడానికి దాన్ని అడ్డంగా కోసి అలాగే వదిలేశాడు. అది చెప్పగానే అబ్బా పకపకా నవ్వాడు. "అక్కడా అంతేనా! ఆటోనగర్లో స్టీరియో బిగించేవాళ్ళు చించిందంతా మేం అతికించేవాళ్ళం!" వెనక అమ్మీ, "ఏమైంది, ఎందుకు నవ్వుతున్నారు?" అంటోంది. సెప్టెంబరు తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వు వినడం అదే మొదలనుకుంటా. మందపాటి పాలిథిన్ కోసి, బ్యుటైల్ టేపుతో అంచులు అంటించాను. కింది అంచు తలుపు లోపలివైపుకే ఉండాలని, నీళ్ళు దానిమీదుగా జారి రంధ్రాల దగ్గరికే వెళ్ళాలని మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఇక మిగిలింది ఇంతెహాన్. శనివారం మా ఆయన చేతికి తోట గొట్టం ఇచ్చాను. నేను టార్చి పట్టుకుని లోపల కూర్చున్నాను, తలుపులు మూశాను. ఫోను ఒళ్ళో ఉంది. అబ్బా హుకుం ప్రకారం నీళ్ళు కిందినుంచి మొదలుపెట్టాలి. ముందు తలుపు కింది అంచు, తర్వాత అద్దం, ఆ తర్వాతే టాపు. పైనుంచి మొదలుపెడితే కిందికి జారిన నీళ్ళు ఎక్కడివో తెలియదు. ఒక్కోచోట రెండు నిమిషాలు.

గుడ్డమీద నీళ్ళు దబదబా పడుతున్నాయి. లోపల చీకటి. ఫోన్లోంచి గొంతు, "ఎక్కడ?"

"ఎక్కడా లేదు అబ్బా."

"డ్రైవర్ వైపు పై మూల?"

టార్చి వేశాను. అద్దం కొసన ఒక్క చుక్క. నిలబడి నిలబడి, జారి తలుపు మీద పడింది. చాలాసేపటికి ఇంకోటి. చెప్పాను.

"పాత టాపు. ఒకటి రెండు చుక్కలు దాని హక్కు. వదిలెయ్" అన్నాడు. కాసేపు మా ఇద్దరికీ నీళ్ళ చప్పుడే వినిపించింది. అప్పుడన్నాడు, "మీ భయ్యాని కూర్చోబెడితే లోపల నిద్రపోయేవాడు. సగం లీకులు వాడివల్లే తప్పిపోయేవి. నిన్నే కూర్చోబెట్టాల్సింది బేటా."

ఆయనకి గుర్తుందని నేననుకోలేదు. ఏదో అందామనుకున్నాను. బయటనుంచి మా ఆయన, "ఇంకా ఎంతసేపు? తడిసిపోయాను!" అని అద్దం కొట్టాడు.

మీ ఇంట్లో టాపు మడిచే కారు ఉండకపోవచ్చు. కానీ ఇప్పుడు మన దగ్గర సన్‌రూఫ్ ఉన్న కార్లు ఎక్కువయ్యాయి. దానికీ మూలల్లో సన్నటి గొట్టాలు ఉంటాయి, వాటినీ దుమ్మూ ఆకులూ మూసేస్తాయి. ముందు అద్దం కింద వైపర్ల దగ్గరా అంతే. చెట్టుకింద కారు పెట్టే అలవాటుంటే వానలకి ముందే ఒకసారి ఆకులు తీయండి. బధ్నాతో కాసిని నీళ్ళు పోసి, కింద పడుతున్నాయో లేదో చెవిపెట్టి వినండి. లోపల తడి కనిపించగానే బంక కొనడానికి పరిగెత్తకండి.

డిసెంబరులో ఒక రాత్రంతా వాన కురిసింది. పడుకునేముందు సీట్ల వెనకా, కాళ్ళ దగ్గరా టిష్యూ కాగితాలు పరిచాను. ఫజర్‌కి లేచి, నమాజు అయ్యాక, చెప్పులేసుకుని వెళ్ళి చూశాను. కాగితాలు పొడిగా ఉన్నాయి. మూడున్నర దాకా ఆగలేక అప్పుడే ఫోన్ చేశాను.

చెబితే, "మాషా అల్లా" అన్నాడు. తర్వాత తనంతట తనే బుడమేరు మాటెత్తాడు. "దానికీ దారి ఉండేది బేటా. నేను చూశాను. మొత్తం ఇళ్ళు కట్టేశాం. మన ఇల్లూ అక్కడే కదా." ఇంకేం అనలేదు. నేనూ అడగలేదు. ఇన్నాళ్ళూ ఖామోష్‌గా ఆయన దేన్ని మోస్తున్నాడో కొంచెం అర్థమైనట్టనిపించింది.

ఆయన మాట్లాడుతుండగా వెనక ఏదో చప్పుడు. ఇనుము మీద ఇనుము, కిర్రుమని, ఆగి, మళ్ళీ కిర్రుమని.

"ఏంటబ్బా అది?"

"ఏం లేదు. మిషనుకి కిరసనాయిలు పోయించి వారం నానబెట్టాను. మీ భయ్యా చక్రం తిప్పుతున్నాడు."

"తిరుగుతోందా?"

"నువ్వే చెప్పు" అని ఫోను దాని దగ్గర పెట్టాడు.

కళ్ళు మూసుకుని విన్నాను. కిర్రుమంది. ఆగింది. ఇంకోసారి కిర్రుమంది, ఈసారి కొంచెం పొడుగ్గా.

"సగం తిరుగుతోంది అబ్బా. ఇంకాస్త నూనె పోయించండి."